పిన్నీసులు

జూబ్లీహిల్స్ గుట్ట మీద, అద్దాల తలుపుల ఎనక
నా డ్యూటీ పంచెలు కట్టుడు.
నోట్ల నాలుగు పిన్నీసులు,
అందుకే ఎవ్వరికీ ఓదార్పు చెప్ప.

నిన్న బిల్డర్ ధర్మారావు కొడుకు,
యాభైకి దగ్గరుంటడు,
బెల్టు తీసి ఎక్కడ పెట్టాల్నో తెల్వక
మెడలేసుకున్నడు.
బయట కెమెరాలు. లోపల ఏసీ చప్పుడు.
చేతులు లేపమని సైగ చేసిన.
బట్టల కొలతలిచ్చే పిల్లగాని లెక్క లేపిండు.

తడి కుచ్చిళ్లు దోపుతుంటే
నా ఏళ్ల కింద కడుపు వణికింది.
"ఊడిపోదు కదా?" అన్నడు.

పిన్నీసులు చేతిలకు ఉమ్మి చెప్పిన:
"ఊడదు సార్."

మా నాయిన పోయిన నాడు, బోరబండల,
నా చేతులకే ముడి యాదికి రాలే.
పక్కింటి టైలర్ ఖాజా మియా కట్టిండు,
నోట్ల దారప్పోగుతోని.