పది విచారణలు

గవర్నర్‌పేటలో, బైండింగ్ షాపు మేడ మీద,
రైవస్ కాలువ వాసన కిటికీ దాటొచ్చి
పక్క కుర్చీలో కూర్చునే చోట
పిల్లల అట్లాసు కంపోజ్ చేస్తున్నాను.
ఇవాళ నలభై ఆరో పేజీ. డొమినికా.
నీలం మధ్య చిటికెనవేలి గోరంత పచ్చమరక,
దాన్ని మళ్ళీ పది ప్యారిష్‌లుగా కోశారు.

ఓనరు పట్టాభిగారు మెట్ల కిందనుంచే కేకేశారు:
"జిల్లాలని కొట్టెయ్యమ్మా, ఎవడు చూడొచ్చాడు!"
దేశమంతా కలిపినా
మా సింగ్ నగర్ జనమంత ఉండరేమో,
పది జిల్లాలెట్లాగండీ?
అప్పటికే ఆయన బండి స్టార్టయింది.

ప్రూఫులు దిద్దే ఇన్నయ్య మాస్టారిది ఫిరంగిపురం.
కళ్ళజోడు నుదుటి మీదికి తోసి
"విచారణ" అన్నారు.
ఎవరి మీదండీ, అన్నాను.
"ఎవరి మీదా కాదు. ప్యారిష్‌ని మేం అట్లాగే అంటాం.
ఒక గుడి, దాని కింద కొన్ని ఊళ్ళు.
ఎవరికి జ్వరం, ఎవరింట పొయ్యి రాజలేదు,
ఫాదరుగారు విచారించుకోవాలి గదా.
అడిగేవాళ్ళుంటే విచారణ,
లేకపోతే ఒట్టి విచారం."

తర్వాత నా తెర మీదికి వంగి
హాజరు పట్టీలా చదివారు.
సెయింట్ పీటర్: మా రాయప్ప బాబాయి.
సెయింట్ పాల్: చిన్నప్ప, పొగాకు బ్యారన్ కాపలా,
నిద్రలో కూడా దగ్గేవాడు.
సెయింట్ జోసెఫ్: జోజప్ప, నాకు రెండొందలు బాకీ.
సెయింట్ ల్యూక్ దగ్గర ఆగిపోయి
"ఈ పేరుగలవాడు మాలో ఒక్కడూ లేడే"
అని ఎందుకో నొచ్చుకున్నారు.

ఆయన టీకి వెళ్ళాక ఊళ్ళలోకి దిగాను.
రాజధాని రోజో. ఫ్రెంచిలో రెల్లు అట.
పడవ దిగినవాడికి ముందు కనపడింది
ఏటి ఒడ్డున ఊగే రెల్లే కాబోలు.
సూఫ్రియేర్ అంటే గంధకం.
ఇంకో ఊరి పేరు మసాకర్.
అర్థం తెలిసి కీబోర్డు మీద వేళ్ళు బిగుసుకున్నాయి.
ఊచకోత.
బస్సు బోర్డు మీద ఆ పేరే రాసుకుంటారు,
పెళ్ళి శుభలేఖ మీద అదే వేసుకుంటారు.
నరసరావుపేట అన్నంత మామూలుగా
"మాది మసాకర్" అంటారు గావును.

పెటిట్ సవాన్ దగ్గర మళ్ళీ ఆగాను.
తుఫాను రాత్రి కొండ జారితే
ఊరందర్నీ లేపి ఇంకోచోట పెట్టారట.
మనుషుల్లేని పేరు
ఉంచాలా, తియ్యాలా?
అడుగుదామంటే
ఓనరు ఫోను కలవడం లేదు.

కొల్లూరు అవతల, కృష్ణ రెండుగా చీలినచోట
మాదొక లంక. గోగుల్లంక.
పసుపు, కంద, అరటి, చివర్న రెల్లు.
వరద తీసిన పొద్దున
నాన్న గట్టున నుంచుని
"ఇవాళ నాలుగు బారలు కోసింది" అనేవాడు,
జాకెట్టు గుడ్డ కొలత చెబుతున్న దర్జీలాగా.
ముందు తాటిచెట్లు పోయినై. తర్వాత బడి.
బడి బోర్డు తెనాలిలో అమ్మకానికి కనపడిందని
ఎవరో చెప్పారు, నేను చూళ్ళేదు.
నేను చదివిన ఏ అట్లాసులోనూ లేదు మా ఊరు.
స్కేలు చాలదంటారు.

నలభై ఆరో పేజీలో చాలింది స్కేలు.
ముప్పై ఇళ్ళున్న రేవుకి కూడా ఒక చుక్క.
చుక్క పక్కన ఆరు పాయింట్ల తెలుగు అక్షరాలు.

పెటిట్ సవాన్ ఉంచాను.
ప్యారిష్‌లన్నిటినీ విచారణలు చేశాను.
కరెంటు పోయేలోపు సేవ్ చేసి
పన్నెండో పేజీ తెరిచాను.
నదికి నీలం మరీ పల్చగా పడింది.
పని తప్పులు దిద్దడమే గనక
దిద్దాను, ఒక చుక్క పెట్టి.

సాయంత్రం పన్నెండో పేజీ ప్రూఫు తిరిగొచ్చింది.
ఎర్ర సిరా ఒక్కచోటే ఉంది.
గోగులంక చుట్టూ సున్నా చుట్టి,
మార్జిన్‌లో మాస్టారి వంకర రాత:

"ఒత్తు పోయింది. వెయ్యండి."