ముక్కు మీద కోపం

లింషోపింగ్‌లో ఈ పూట మైనస్ పద్దెనిమిది.
కిటికీ అవతల కార్లన్నీ
మంచు ముసుగేసుకుని మెదలకుండా పడున్నాయి.
ఇవతల ఆరుగురం,
ఏలకుల బన్ను ఒకటి ఎవరూ తినక ఎండిపోతుంటే,
వేడిని ఎక్కడ పారబోయాలా అని
పొద్దుటి నుంచీ తగువులాడుతున్నాం.

పైలట్ ఆల్‌స్ట్రాండ్ ముక్కుసూటి మనిషి.
"చూపు ఆనడం లేదు" అన్నాడు.
"ఇప్పటి దూరానికి రెట్టింపు కావాలి."
మాల్టె లేచి బోర్డు మీద రాశాడు:
రెండింతల దూరానికి
పదహారింతల శక్తి.
వెళ్లేటప్పుడు పలచబడుతుంది కిరణం,
తగిలి తిరిగొచ్చేటప్పుడు మళ్లీ పలచబడుతుంది.
రానూ పోనూ సుంకం కట్టించుకునే దారి అది,
బేరం లేదు.

నేను నోరు విప్పలేదు.
ముప్పై ఒక్క ఏళ్లుగా నా వంతు చివరే.
యాంటెన్నా వాళ్లు, సిగ్నల్ వాళ్లు,
సాఫ్ట్‌వేర్ వాళ్లు
వడ్డించుకుని తిని లేచాక
గిన్నెలు తోమే మనిషిని నేను.

ఇంజిన్ దగ్గర అడుక్కున్న కరెంటు పది పాళ్లైతే
మూడు పాళ్లు ఆకాశంలోకి పోతాయి.
మిగతా ఏడూ ఆ ముక్కులోనే,
గోరంత గాలియం నైట్రైడ్ ముక్కల వీపున
అద్దె కట్టకుండా కాపురం పెడతాయి.
ముక్కు మీద కోపం అంటే
నాకు తెలిసింది ఇదే.

పైన చలే కదా అంటారు కొత్తగా చేరినవాళ్లు.
మైనస్ యాభై. కాదనను.
చలి ఉంది గానీ
దాన్ని లోపలికి మోసుకొచ్చేంత గాలి లేదక్కడ.
పక్కన ఇంకో రంధ్రం కోద్దామంటే
ఆ రంధ్రమే అవతలివాడి కళ్లకు కనబడుతుంది.
అందుకని వేడిని ఇంధనంలోకి తోస్తాం.
ట్యాంకు నిండుగా ఉన్నంతసేపు
ఓపిగ్గా తాగుతుంది పాపం.
తిరుగు దారిలో, అడుగున కాస్తే మిగిలినప్పుడు,
అదీ కాగిపోయి
ఇక నావల్ల కాదంటుంది.
వెనక ఎవరొస్తున్నారో చూడాలనిపించేది
సరిగ్గా అప్పుడే.

నా వంతు వచ్చింది.
సంచిలోంచి నలభై ఏడో మాడ్యూలు తీసి బల్ల మీద పెట్టాను.
అక్టోబరులో పంపు పదకొండు సెకన్లు ఆగింది,
అంతే.
అంచున మాడిన పాకంలా ఒక మరక.
చేతి నుంచి చేతికి తిరిగింది.
ఆల్‌స్ట్రాండ్ వాసన చూసి
ఏమీ అనకుండా పక్కవాడికిచ్చాడు.
చేతులు కాలాక పట్టుకోవడానికి
నేల మీదైతే ఏవో ఆకులు దొరుకుతాయి.
పన్నెండు కిలోమీటర్ల పైన
ఏ కొమ్మనని దూయాలి?

నిమిషానికి ఇన్ని లీటర్ల ద్రవం, చెప్పాను.
ఆపైన చుక్క లేదు.
దూరం ఎనిమిదో వంతు పెరుగుతుంది,
అదీ ఎటు చూడాలో ముందే తేల్చుకుంటే.
"మరి మిగతా వైపులు?"
"రెప్ప వేసుకోండి."

ఎవరూ నవ్వలేదు.
మాల్టె పదహారును అరచేత్తో చెరిపాడు.
బోర్డు మీద కొంత, చేతిమీద కొంత
నీలం మిగిలింది.

గడ్డకట్టిన స్టోంగోన్ పక్కనుంచి
ఇంటికి నడిచాను.
ఊరి చెత్తనంతా కాల్చి ఆ వేడిని
గొట్టాల్లో ఇంటింటికీ పంచుతారిక్కడ.
ఆర్నెల్లుగా నేను వదిలించుకోలేని నాలుగు డిగ్రీలకి
ఈ వీధిలో ఎవరైనా డబ్బిచ్చేవాళ్లే.

గుమ్మం దాటగానే కళ్లద్దాలు మసకేశాయి.
జేబులో ఫోను మోగింది.
కోటు విప్పకుండా, తుడుచుకోకుండా,
ఆ తెల్లటి గుడ్డితనంలో కాసేపు నిలబడ్డాను.
అద్దాలు వాటంతటవే తేరుకున్నాక చదివాను,
మాల్టె:
"ఇంగెగెర్డ్, కాక్‌పిట్ చల్లదనంలోంచి
అర కిలోవాటు లాగేస్తే?"

చేతిగ్లౌజు పళ్లతో పీకి జవాబు రాశాను.
"ఆల్‌స్ట్రాండ్‌నే అడుగు,
చూపు కోసం ఎంత చెమటోడ్చగలడో."