ఎడమ చేతి చిటికెన వేలు

కాశీబుగ్గలో ఎరువుల కొట్టు మీద రెండో అంతస్తు మా ఆఫీసు.
మెట్లెక్కుతుంటే యూరియా, గుళికల మందు వాసన.
బోర్డు మీద ఉపాధి అనే మాట పెద్దక్షరాల్లో,
కాంట్రాక్టు దక్కిన కంపెనీ పేరు చిన్నక్షరాల్లో.
మా పేర్లు ఎక్కడా లేవు.

పదిలోగా వేలిముద్ర పడాలి.
పడకపోతే రానట్టే.
మూడుసార్లు రాకపోతే పని మీద ఆసక్తి లేనట్టే.
గోడకి ఆ కాగితం అంటించింది నేనే.

కొర్ల నీలమ్మ బొటనవేలు పెట్టింది.
మిషను ఎర్రగా మెరిసింది.
చూపుడువేలు. ఎరుపు.
చీర చెంగుకి తుడిచి, నాలిక మీద తడిచేసి, మళ్లీ.
"పద్దెనిమిదేళ్లు పిక్కలు కొట్టినాను బాబూ,
జీడి నూని తినేసింది గీతల్ని.
బూడిద రాసుకున్నా ఆగదు."
షెడ్డులోకి కటింగ్ మిషను వచ్చాక ఇటు వచ్చింది,
ఇక్కడా మిషనే.
వెనక లైనులో ఎవరో గడియారం చూసుకున్నారు.
కుడిచెయ్యి మొత్తం అయిపోయింది.
ఎడమ చేతి చిటికెన వేలు దగ్గర
పచ్చగా వెలిగి కీచుమంది.
"ఇదొక్కటే పిక్కని ముట్టనేదు," అంది
పనికిరాడనుకున్న పిల్లాడు పరీక్ష పాసైనట్టు
దాన్నే చూసుకుంటూ.

తర్వాత కోటు.
మా దగ్గర ఒకటే నల్లకోటు, నలభై రెండు సైజు.
ఫొటోకి అందరూ అదే తొడుక్కుంటారు.
బక్కవాళ్లకి వెనక బట్టల క్లిప్పులు పెడతాం,
ఫొటోలో వీపు పడదు కదా.
నీలమ్మకి ఐదు క్లిప్పులు పట్టాయి.
నవ్వండి, అన్నాను. అదీ పాఠమే, మూడో రోజుది.
"నవ్వితే పనిస్తారేటి?"
నాకిచ్చిన జవాబుల పుస్తకంలో ఈ ప్రశ్న లేదు.

పది రోజులకి ఆమె నంబరు ఎదురుగా
ఒక ఉద్యోగం వచ్చి కూర్చుంది.
చెన్నై అవతల, ఫోన్ల ఫ్యాక్టరీలో ఊడ్చే పని.
పదకొండు వేలు. హాస్టలుకీ తిండికీ పట్టుకోగా ఆరున్నర.
"దగ్గర్లో ఏటీ నేదా? టెక్కలి కాడైనా?"
తెర మీద రెండే గడులు:
అంగీకరించారు. నిరాకరించారు.
ఆలోచిస్తానంటే దానికి గడి లేదు.
పంపితే తలకింతని కంపెనీకి ముడుతుంది,
కాదంటే కోడు ఏడు.
ఏడు పడ్డవాళ్ల మీద టైము తగలెయ్యొద్దని
హైదరాబాదు సారు ప్రతి సోమవారం ఫోన్లో చెబుతాడు.

"ఏడంటే ఏటి బాబూ?"
చెప్పాను.
తిడుతుందనుకున్నాను. ఫిర్యాదుకైతే గడి ఉంది.
"మేమూ ఏరతాం," అంది.
"గుండు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క.
మాడిపోయిందైనా పారబొయ్యం.
దానికీ ఓ రేటుంటాది."

చివర్న సంతకం.
సేవలతో సంతృప్తి చెందానని ముందే అచ్చేసిన కాగితం.
నేను వేలు పెట్టిన చోట అందరూ పెట్టి వెళ్లిపోతారు.
"సదివి సెప్పు," అంది.
ఎనిమిది నెలల్లో అప్పుడే దాన్ని పైకి చదివాను.
నా గొంతులో ఆ వాక్యం
ఎవరో ఉతక్కుండా ఇచ్చిన చొక్కాలా ఉంది.
సంతృప్తి దగ్గర పెన్ను కాసేపు ఆపి,
కిందకి జరిపి, కొర్ల నీలమ్మ అని పూర్తిగా రాసింది.
ఆటో డబ్బులొచ్చేది ఆ సంతకం మీదే మరి.

ఆమె మెట్లు దిగేదాకా ఆగి
ఏడు నొక్కాను.
నాకు రెండు నెలలుగా జీతం రాలేదని
ఆమెకి చెప్పలేదు, అది చెప్పే చోటు కాదు.

తర్వాతి కుర్రాడు కోటు తొడిగి
జేబులో చెయ్యి పెట్టాడు. కాగితం పొట్లం.
జీడిపప్పు. గుండ్లు కావు, బద్దలు,
ఒకటి రెండు మాడినవి.
"ఎవరివి సార్?"
మిషను పక్కన పెట్టమన్నాను.

సాయంత్రం నా హాజరు వెయ్యడానికి వెళ్లి
ఎందుకో
ఎడమ చేతి చిటికెన వేలు పెట్టాను.
ఎరుపు.