కొలతల పుస్తకం

ఆదోనిలో పత్తి మార్కెట్టుకు పోయే దారిన
సగం షట్టరు దించిన అంగడి నాది.
బోర్డు మీద మా నాయన పేరు,
పుస్తకంలో నా చేతిరాత.

నాలుగో పేజీలో ఉన్నాడు:
ఈరన్న గౌడు, హొన్నూరుకుంట.
పొడుగు ఇరవై తొమ్మిది, ఛాతీ ముప్పై నాలుగు,
నడుముకు టేపు రెండు చుట్లు వచ్చేట్టుండె.
బుడ్డలపంట ఎండిపోయిన ఏడు.
గుడ్డ అప్పు. కుట్టుకూలి కూడా అప్పే.
"దస్తగిరీ, లోపలొక జేబు పెట్టు.
జనం అర్జీలిస్తాండారు,
పైజేబులో చెమటకు తడుస్తాండాయి."
జానెడు లోతు పెట్టినా.

గెలిచినాడు.
ప్రమాణం చొక్కా ఒక్క రాత్రిలో కుట్టినా.
కరెంటు పోతే మా హుసేన్‌బీ లాంతరు ఎత్తింది,
తెల్లగుడ్డ మీద మసి రాలకుండా
చేయి బారజాపి, తెల్లారేదాకా.
పేపర్లో బొమ్మ పడింది.
ముఖం మసక,
కాలరు మాత్రం నిలబడి ఉంది.

రెండోసారికి ఛాతీ ముప్పై ఎనిమిది.
పక్కనే రాసుకున్నా: రెండంగుళాలు వదులు.
చొక్కా కింద ఇంకోటి తొడుక్కోవాలంట,
బరువైనదంట.
ఏమని నేనడగలేదు.
ఆ ఏడు జీపులు ఇంజను ఆపకుండా నిలబడేవి.
గుండీ కుట్టి దారం పుటుక్కున తెంపితే
గన్‌మ్యాను గిర్రున తిరిగినాడు.
ఆ పొద్దే,
జేబు లోతు చూస్తాననే సాకుతో
మా వీధి కొళాయి అర్జీ మడిచి
అందులో పెట్టినా.
"చూస్తాలే" అన్నాడు,
అద్దంలోకి చూస్తూ.

మూడోసారి ఆయన రాలేదు.
కొలతలు వచ్చినాయి, సిగరెట్టు పెట్టె అట్ట మీద.
లోపలి జేబు వద్దంట,
కాయితాలు పీయే పట్టుకుంటాడంట.
జేబుకని తీసిపెట్టిన ముక్క
మా పాపకు టోపీ అయింది.

పార్టీ మారినాడు. కండువా మారింది.
మళ్ళీ మారినాడు, మళ్ళీ గెలిచినాడు.
తెల్లచొక్కాకు ఆ సుఖముంది,
ఏ రంగు వచ్చి మెడలో పడినా
తనకేం తెలియనట్టుంటుంది.

ఇరవై ఏళ్లు పుస్తకంలో ఆయన లేడు.
గోడల మీద ఉన్నాడు, ఫ్లెక్సీల మీద ఉన్నాడు,
పెద్దపెద్ద ఊర్ల రెడీమేడులో.
అందరూ ఎన్ని ఓట్లు, ఎంత మెజారిటీ అని కొట్లాడుకుంటాంటే
భుజం కుట్టు చంకలోకి జారిందే,
ఎవడు కుట్టినాడప్పా అని
నేను రోడ్డు మీద నిలబడి చూసేవాణ్ణి.

ఓడినాడు.
ఇంకోసారి ఓడినాడు.
ఆ పైన టికెట్టే రాలేదు.

మొన్న బేస్తవారం పొద్దు వాలినాక
ఆటో దిగినాడు, ఒక్కడే.
ప్లాస్టిక్ సంచిలో పాత చొక్కా.
"ఇది సన్నం చేయాల దస్తగిరీ.
ఒంటి మీద నిలవడం లేదు."
నేను కుట్టిందే. ఆ రెండంగుళాల వదులుది.
టేపు తీసినా.
ఛాతీ ముప్పై అయిదు.
ఎడమ భుజం ముప్పాతిక దిగింది,
దండలకో, ఆ లోపలిదాని బరువుకో.

ఆయన పోయినాక కుట్లు విప్పుతాంటే
జేబు అడుగున గట్టిగా తగిలింది.
ఎన్ని ఉతుకులు తిన్నదో, ఎన్ని ఇస్త్రీలో,
కాయితం రొట్టెముక్క మాదిరి అయింది.
అక్షరాలు పోయి
ఊదారంగు మరక ఒకటి మిగిలింది,
వేలిముద్రదో సంతకానిదో.
మా కొళాయిదే కావచ్చు.
ఎవరి పింఛనుదో, ఎవరి పట్టాదో కావచ్చు.
మా వీధికి నీళ్లొచ్చినాయి లే,
చాలా ఏళ్లకు, ఇంకొకడి శిలాఫలకం కింద.
వారానికొకసారి, నడిరేయి.

జేబు ముట్టుకోలేదు.
ముక్కను అట్లే ఉంచి
పక్కకుట్లు లోపలికి లాగినా.

శనివారం వచ్చి తొడుక్కున్నాడు.
చేయి ఎదమీద, జేబు దగ్గర, ఒక్క క్షణం ఆగింది.
ఏమీ అనలేదు. నేనూ అనలేదు.
"ఎంత?" అన్నాడు.
ఇన్నేళ్లలో ఆ మాట ఇదే మొదలు.
"ఎనభై."

వంద నోటిచ్చి,
చిల్లర కోసం నిలబడినాడు.