నాలుగు వందల పదకొండు

తాడ్వాయి దాటినంక ఎడమ పక్క
రోడ్డు వెడల్పు చేస్తరట.
నాకు రోజుకు ఆరువందల కూలి,
తెల్లరంగు డబ్బా, ఒక కుంచె.
రొమ్మెత్తున బెరడు చెక్కాలె, నంబరు వెయ్యాలె.

మద్ది. మద్ది. బిల్లుడు.
ఏగిసను చెక్కితే ఎర్రగ కారింది,
రంగు నిలవలే.
"తుడిచి మళ్ల రాయి" అన్నడు సారు.
మళ్ల కారింది.

ఈసం నర్సక్క ఇప్పపువ్వు ఏరుకుంట
మా ఎనకనే వస్తున్నది.
"ఈ పిల్లచెట్లకు నంబర్లు లేవా?"
మూరెడు లావు లేనిది లెక్కకు రాదన్న.
"తీగెలకు? ఈ పుట్టకు?
వాన పడంగనే దీని మీద కొక్కులు లేస్తయి,
మా ఇంట్ల మూడు పూటల కూర."
సారు ఫోన్ల నుంచి తల ఎత్తలే.
"ఒకటికి పది నాటుతం అమ్మా,
జనగామ దిక్కు. నీలగిరి."
ఆమె గంప దించి
చాలాసేపు నవ్వింది.
ఎందుకు నవ్విందో సారు అడగలే, నేనూ అడగలే.

నాలుగు వందల పదకొండు ఇప్పచెట్టు.
రాలిన పువ్వు తొక్కకుంట నిలబడేటందుకు
జాగ లేదు.
కుంచె ముంచిన.
సారు మూత్రానికి పోయిండు.
పక్కన చెదలు తిన్న మోడు ఉంటే
దానికి వేసిన నంబరు.

సాయంత్రం లెక్క సరిపోయింది.
సంతకం పెట్టిన, పైసలు తీసుకున్న.
మిషన్ వచ్చిననాడు
అది నంబర్లు చదువుతదా?
ఏమో.
గోళ్ల సందుల తెల్లరంగు
కిరసనాయిలుతోని కడిగినా పోలే.
అన్నం ముద్దకు
ఇప్ప వాసన.