జింకల బోర్డు దగ్గర

హొక్కయిదో ఉత్తరాన చక్కెర దుంపల కాలం.
పొలం నుంచి ఫ్యాక్టరీకి రాత్రింబవళ్ళు లారీలు.
మట్టి అంటిన దుంపలు, ఒక్కొక్కటీ పసివాడి తలంత.
ఒక్కో లారీ ఇరవై టన్నుల మూలుగు.

ఆ మూలుగు కోసమే కదా
జూన్‌లో తారు కోసి
జానెడు లోతు గుంట తీసి
పింగాణీ బిళ్ళలు పరిచాం.
చూడ్డానికి బిస్కెట్లలా ఉన్నాయి.
"ఇవి నొక్కితే కరెంటు పుడుతుంది, కురామొచి గారూ"
అంది చిజురు, సప్పొరో నుంచి వచ్చిన ఇంజనీరు,
ముప్పై దాటని పిల్ల, కాళ్ళకి తన సైజు కాని బూట్లు.
నవ్వాను.
ముప్పై నాలుగేళ్ళుగా ఈ రోడ్డుకి అతుకులేస్తున్నాను,
నొక్కితే గుంటలు పుట్టడమే చూశాను.

తను జేబులోంచి
పొయ్యి వెలిగించే లైటర్ తీసి టక్కుమనిపించింది.
నీలంగా ఒక చుక్క.
"ఇందులో బ్యాటరీ లేదు. మీ బొటనవేలే."
ఆ రాత్రి మా వంటింట్లో
లైటర్‌ని పదిసార్లు నొక్కాను.
"తినడం అయిపోయిందిగా, ఇంకేం వండుతావ్?"
అంది మా ఆవిడ.

దుంపల లారీ తోలే యాయోయి ఊరుకుంటుందా,
కాఫీ మిషను దగ్గర నిలదీసింది:
"మీ బిళ్ళ మీద చక్రం కిందికి దిగితే
మళ్ళీ పైకెక్కేది ఎవరి డీజిలుతో?
మీ దీపం నా ట్యాంకులోంచి వెలుగుతోంది.
దొంగతనానికి మంచి పేరు పెట్టారు."
చిజురు మొహం ఎర్రబడింది.
కాదనలేదు, అదే నాకు నచ్చింది.
"రోడ్డు ఎలాగూ కాస్త వంగుతుంది.
ఆ వంగడంలో వృథా అయ్యేదే అడుగుతున్నాం.
అంతకు మించి తీసుకుంటే మీ మాటే నిజం."
ఎంత మించుతోందో
కొలిచే మిషను ఇంకా రాలేదు.

ఇంతకీ ఆ కరెంటు
పట్నానికీ పోలేదు, ఏ ఇంటికీ పోలేదు.
మలుపు దగ్గర ఒక బోర్డు,
పసుపు మీద నల్ల జింక,
చుట్టూ పన్నెండు చిన్న దీపాలు. అంతే.
రెండొందల మీటర్ల ముందు లారీ బిళ్ళల్ని తొక్కితే
జింక చుట్టూ వెలుగు లేస్తుంది,
లారీ దాటాక
గుక్కెడు నీళ్ళు మింగినంతసేపు ఉండి
ఆరిపోతుంది.

నవంబరులో లెక్కలాయన వచ్చాడు.
తారు కోసిన ఖర్చు, బిళ్ళల ఖర్చు,
అయిదు నెలల్లో పగిలినవెన్ని,
అంతా రాసి కాగితం మాకేసి తిప్పాడు.
కొండంత బరువుకి గోరంత దీపం.
"సోలారు పలక ఒక్కటి చాలేది" అన్నాడు.
"మంచు కప్పేస్తుందండీ."
"తుడవడానికి మీరున్నారు కదా."
అదీ నిజమే.

డిసెంబరులో మొదటి పెద్ద మంచు.
గేటు దించి దారి మూసేశాం.
వసంతంలో బిళ్ళలు పీకేయమన్న ఆర్డరు
నా జేబులో నాలుగు మడతలు.
ఇంజను ఆపి, లైట్లు ఆపి కూర్చున్నాం ఇద్దరం.
బోర్డు మీది జింక చీకట్లో కలిసిపోయింది.
"పనిచెయ్యట్లేదు" అంది చిజురు, తనలో తను.

అప్పుడు దిగాయి అడవిలోంచి,
ఏడో ఎనిమిదో.
ఒకటి సరిగ్గా బిళ్ళల మీదే ఆగి
చెవులు విదిలించింది.
దాని బరువుకి దీపం లేవలేదు,
లేవాల్సిన పనీ లేదు.
ఎలకలు సభ పెట్టి అనుకున్న గంట
ఇన్నాళ్ళకి పిల్లి మెడలో కట్టినట్టున్నాం.
పిల్లి కదిలితేనే మోగుతుంది,
పిల్లి లేని రాత్రి దానికేం పని?
ఈ మాట లెక్కలాయన కాగితంలో
ఏ గడిలో రాయాలో నాకు తెలీదు.

జింకలు వెళ్ళిపోయాక చిజురు దిగింది.
కాలితో మంచు గీకి
ఆ పెద్ద బూట్లతోనే ఎగిరి దూకింది, ఒకసారి, రెండోసారి.
పన్నెండింటిలో ఒక్కటి,
రెప్ప వాలేంతసేపు.
"చూశారా!"
"మంచు పడుతోంది, ఎక్కు" అన్నాను.
చూశాను.