పదకొండో ప్రశ్న

ఆ సర్వే కాగితం వచ్చిన రోజు
వాల్దీవియాలో వాన మొదలై తొమ్మిదో రోజు.
మూడో అంతస్తులో కారే చోట నాలుగు బకెట్లు,
లిఫ్టు లైసెన్సుకు ఇంకా రెండే రోజులు,
ఆక్సిజన్ కంపెనీకి మా బాకీ ఎంతో, అది చెప్పను.

యూనివర్సిటీ పిల్ల, తడిసిన బూట్లతో,
"అవయవదానం నియమాలు
ఆసుపత్రి అధికారులకు ఏ మాత్రం తెలుసో చూస్తున్నాం మేడమ్,
పద్నాలుగు ప్రశ్నలు, పావుగంట" అంది.
ఐదు నిమిషాల్లో ముగించాను.

బ్రెయిన్ డెత్ అని ఎంతమంది డాక్టర్లు తేల్చాలి?
ఇద్దరు. గోడ మీదే అంటించి ఉంది.
వాళ్ళు మార్పిడి చేసే జట్టువాళ్ళు కావచ్చా?
కాకూడదు. ఊహించాను, సరిపోయింది.
పదకొండోది:
మరణం ప్రకటించాక అవయవాలు తీసేదాకా అయ్యే ఖర్చు
ఎవరి ఖాతాలో రాయాలి?

ఇరవై రెండేళ్లుగా ఖాతాలే నా బతుకు.
నిద్రలో లేపి అడిగినా దూది ఉండ ధర చెబుతాను.
'తెలియదు' గడిలో టిక్కు పెట్టి
కాఫీకి వెళ్ళాను.
ఉన్నమాట ఒప్పుకున్నానని
కాస్త గర్వం కూడా.

జూలైలో ఎలియోదోరో నావెల్‌పాన్‌ని తెచ్చారు.
చేపల బజారు రేవు మెట్ల మీద
పడవ తాడు కడుతూ జారాడు.
రెండు రాత్రులు.
తెల్లవారుజామున మూడు నలభైకి
రెండో డాక్టరు సంతకం పెట్టాడు.
మా ఒతీలియా అతని భార్య పక్కన కూర్చుంది,
ఎంతసేపో నేనెరుగను,
ఇంట్లో నిద్రలో ఉన్నాను.
భార్య సరేనంది.
పది గంటలకు మంచు పెట్టెలు విమానాశ్రయానికి బయల్దేరాయి.

మూడు వారాలకు ఆవిడ నా గదికి వచ్చింది.
బ్రూనిల్దా. చేతులకు ఉప్పునీటి పగుళ్ళు.
ప్లాస్టిక్ సంచిలోంచి బిల్లు తీసి
బల్ల మీద చదును చేసింది.
అడుగున నా సంతకం,
మెషీన్ వేసిందే, అయినా నాదే.

"మూడు నలభైకి పోయాడని మీరే కాగితం ఇచ్చారు.
ఈ కాగితమేమో పది దాకా గాలి పీల్చాడంటోంది,
గంటకింతని.
ఇచ్చినదానికి
అద్దె కూడా నేనే కట్టాలా?"

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది.

ఆవిడ ఎదురుగానే చట్టం తెరిచాను, మొదటిసారి.
ఒకటిన్నర పంక్తి.
ఆ ఖర్చు పుచ్చుకునేవారి వైపుదని.
లిఫ్టు నిబంధనలు నలభై పేజీలు చదివినదాన్ని,
ఒకటిన్నర పంక్తి!

బిల్లు రద్దు అన్నాను. క్షమించమని కూడా అన్నాననుకుంటాను.
"సంచి ఇటివ్వండి, బయట వాన" అని
మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళింది.

కంప్యూటర్ కుర్రాడు ఫవుస్తీనో బుర్ర గోక్కున్నాడు:
"మీటరు ఎక్కడ ఆపమంటారు,
సంతకం దగ్గరా, గుండె ఆగిన దగ్గరా?
చావుకు ఒకటే గడి ఉంది సిస్టంలో."
సంతకం దగ్గర, అన్నాను.
"మరి ఆ తర్వాతి గంటలు?"
ఇంకో గడి చెయ్యి.
"పేరేం పెట్టను?"
ఇప్పటికీ పెట్టలేదు.

ఆ సాయంత్రం పాత దస్త్రాలు తవ్వితే
ఇలాంటివే ఏడు.
ఏడుగురూ కట్టేశారు.
ఒకరు వాయిదాల్లో.
ఎవరూ ఏమీ అడగలేదు.

సర్వే ఫలితం మొన్న వచ్చింది:
పద్నాలుగుకు పదకొండు.
అవగాహన సంతృప్తికరం.

ఏడు చెక్కులు, ఏడు ఉత్తరాలు, చేత్తో రాశాను.
ఏడోది తిరిగొచ్చింది,
ఆ చిరునామాలో ఎవరూ లేరట.
సిరా కాస్త అలుక్కుంది.
హీటరు మీద ఆరబెట్టాను.